పిట్టగోడ

ఇంటికి వచ్చినవారికి మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టుట మన పల్లెలలో ఎవరును నేర్పనక్కరలేని మర్యాద. క్రిస్మస్ దినములలో మెదకు దేవాలయమునకు వెళ్లు బంధువులు జోగిపేటలో దిగినచో, చాపలు పరచుకొని పదిమందియు మన ఇండ్లలోనే పడుకొందురు. దానికి చట్టముతో పనిలేదు. అయితే ఆ చాపకు రోజుకింతయని వెల కట్టిననాడు సంగతి మారును. అది తప్పు కాదు గాని వ్యాపారము. దాని లాభము ఇంటివారిది, ఇబ్బంది మాత్రము ఇరుగుపొరుగు వారిది.

ఈ తగవు మా సంఘస్థులుండు వీధిలోనే వచ్చినది. విధవరాలైన ఒక సహోదరి తన ముందుగదిని నాందేడు రోడ్డున పోవు ప్రయాణికులకు రోజు అద్దెకిచ్చుచున్నది. అదే వీధిలో, పట్టణమున నివసించు మరియొక యజమాని, పటాన్‌చెరు కంపెనీలో పనిచేయు కుటుంబమును ఖాళీ చేయించి, ఇల్లంతటిని ఫోనుమీదనే రోజు లెక్కకు ఇచ్చుచున్నాడు. రాత్రివేళ కేకలు, గుమ్మములకు అడ్డముగా కార్లు. అడుగుదమన్న అక్కడ బాధ్యుడెవడును లేడు. "రెండును మూయించండి, అయ్యగారూ" అని కొందరు మాతో అనిరి. మేము ఒప్పుకొనలేదు.

ఏలయనగా ఈ రెండును ఒకటి కావు. మన తెలుగువారు అనేకులు కాపురమున్న అమెరికాలోని జెర్సీ సిటీలో ఈ విషయము ప్రజల ఓటుకు వెళ్లినది. 2019 నవంబరు 5న వారు నియంత్రణను ఆమోదించిరి. యజమాని నివసించని ఇంటిని ఏడాదికి 60 రాత్రులకు మించి ఇట్లు ఇయ్యరాదనిరి. న్యూయార్కు నగరము 2023 సెప్టెంబరు నుండి, 30 దినములకు తక్కువైన బసకు రిజిస్ట్రేషనును, ఇంటివారు అక్కడ ఉండుటను తప్పనిసరిగా అమలు చేయుచున్నది. అతిథులు ఇద్దరికి మించరాదు. మన కేంద్ర పర్యాటక శాఖవారి గుర్తింపు పథకములోను ఇంటివారు అదే ఇంట కాపురముండవలెను, గదులు ఆరుకు మించరాదు. అన్నిచోట్ల అడుగుచున్నది ఒక్కటే: ఈ ఇంటికి జవాబు చెప్పువారు ఇంట ఉన్నారా?

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములో, క్రొత్త ఇల్లు కట్టువాడు మిద్దెకు పిట్టగోడ కట్టవలెనను ఆజ్ఞ గలదు. ఇల్లు తనది, ఖర్చు తనది. అయినను అక్కడనుండి పడువాని ప్రాణమునకు ఇంటి యజమానియే బాధ్యుడు. నా ఇల్లు నా ఇష్టము అను మాటకు అక్కడ చోటు లేదు.

సహోదరి ఇప్పుడు ఒక నోటుపుస్తకములో వచ్చినవారి పేరు, ఊరు, బండి నెంబరు వ్రాయుచున్నది. ఆ గది అద్దెతోనే ఆమె బిడ్డ చదువు సాగుచున్నది. రెండవ ఇంటి విషయమై వీధివారు మున్సిపాలిటీకి పెట్టిన అర్జీలో మేమును సంతకము చేసితిమి. ఇల్లు మూయమని మేము కోరలేదు. బాధ్యుడొకడు అక్కడ ఉండవలెననియు, వచ్చువారి లెక్క ఉండవలెననియు, నెల అద్దెకున్న కుటుంబములను ఉన్నపళముగా వెళ్లగొట్టరాదనియు కోరితిమి.

ప్రియ పాఠకులారా, మీ ఇంట గది ఖాళీగా ఉన్నచో నలుగురికి ఇచ్చి నాలుగు రూపాయలు సంపాదించుకొనుడి. అయితే ముందుగా గోడకు అవతలివారిని ఒక మాట అడుగుడి.