పెద్దపాపకు రెండు ఊర్లు

మా ఇంటి సంగతులు రాద్దామని కూర్చుంటే ఎప్పుడూ పాతవే ముందుకొస్తాయి. శూలగిరి పక్కన తాత కట్టిన పెంకుటిల్లు, అవ్వ చేతి ఊరిబిండి, హొసూరు చంద్రచూడేశ్వరుని తేరు. ఈసారి అట్లా కాదు. 2024 జూన్‌లో మా పెద్దపాపకు ఒకే వారంలో రెండు ఉద్యోగాలు వచ్చినాయి. ఒకటి హైదరాబాదులో, ఇంకొకటి చెన్నైలో. రెండూ కరెంటు పనులే. పది దినాల్లో ఏదో ఒకటి చెప్పాల. ఆ పది దినాలు మా ఇంట్లో ఏం జరిగిందో రాస్తున్నాము. ఇంట్లో తెలుగు, గడప దాటితే ఇంకో బాస అయిన కుటుంబాలకు ఇట్లాంటి దినం ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది.

మా తావు తెలియని వాళ్లకు ఒక మాట. హొసూరు నుంచి బెంగళూరు నలభై కిలోమీటర్లు, ఇటు కృష్ణగిరి యాభై. మధ్యలో మా శూలగిరి. కర్ణాటక ఒక పక్క, ఆంధ్ర ఇంకో పక్క, మేము ఉండేది తమిళనాట్లో. 2004లో కృష్ణగిరి వేరే జిల్లా అయ్యింది. అంతకుముందు ధర్మపురి, దానికి ముందు సేలం. జిల్లా పేరు రెండుసార్లు మారినా ఇంట్లో మాట మారలేదు.

మొదట చుట్టుపక్కల వాళ్లు అడిగింది ఒక్కటే. ఈడ ఇన్ని ఫ్యాక్టరీలు పెట్టుకొని ఆడికెందుకు? నిజమే. టీవీఎస్ కరెంటు స్కూటర్లు హొసూరులోనే తయారవుతాయి. ఏథర్ బండ్లూ ఇక్కడివే. ఓలా పెద్ద ఫ్యాక్టరీ మా జిల్లా పోచంపల్లి దగ్గరే ఉంది. మా చిన్నోడు కూడా అట్లాంటి తావనే పని నేర్చుకుంటున్నాడు. పాప మాత్రం ఒకే మాట మీద నిలిచింది.

“బండి కరెంటు తాగేది నాయనా. నాకు కరెంటు పుట్టేతావ పని కావాల.”

హైదరాబాదు ఉద్యోగం ఏమిటో మాకు అర్థం కావడానికి రెండు దినాలు పట్టింది. ఎండతో, గాలితో కరెంటు తీసే కంపెనీలు రేపు ఎంత ఇస్తాయో ఈరోజే గ్రిడ్డుకు చెప్పాలంట. దినాన్ని పదహైదు నిమిషాల లెక్కన 96 ముక్కలు చేస్తారు. ఒక్కో ముక్కకు ఒక అంకె. మధ్యాహ్నం మూడింటికి కర్నూలు మీద మబ్బు పట్టి, చెప్పిన అంకెకూ వచ్చిన కరెంటుకూ తేడా పెరిగితే కంపెనీ డబ్బు కట్టాల. కర్నూలు జిల్లా ఓర్వకల్లు దగ్గర వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు ఉంది. అట్లాంటి పార్కుల అంకెలు హైదరాబాదులో ఏసీ గదిలో కూర్చుని లెక్కగట్టడమే ఆ పని. చిన్న పనేం కాదు. నంద్యాల జిల్లా పిన్నాపురంలో పగటి ఎండ కరెంటుతో నీళ్లు పైచెరువుకు తోడి, సాయంత్రం కిందికి వదిలి 1,680 మెగావాట్లు తీసే పథకం చేపట్టింది కూడా హైదరాబాదు కంపెనీయే. ఆ ఊర్లో ఉంటే అట్లాంటి వాటికి దగ్గరగా ఉండొచ్చని పాప లెక్క.

చెన్నైది గాలిమరల పని. తమిళనాట్లో గాలి కరెంటు 10,000 మెగావాట్లు దాటింది. 1990లలో ముప్పందల్ పక్కన, తిరునల్వేలి పక్కన పెట్టిన చిన్న మరలు చాలా వరకు ముసలివైనాయి. ఆ కాలం మర ఒకటి పావు మెగావాటు ఇస్తే, ఇప్పటి మర ఒకటే రెండు మూడు మెగావాట్లు ఇస్తుంది. పాతవి దించి, అదే గాలిలో కొత్తవి నిలబెట్టడం ఇప్పుడు పెద్ద పని. ఆఫీసు చెన్నైలో. గాలి కాలం, అంటే మే నుంచి సెప్టెంబరు దాకా, ఎక్కువ దినాలు సైటులో. ఎనభై మీటర్ల స్తంభం లోపల నిచ్చెన ఎక్కి పైన గదిలో పని చేయాల. ఇది విన్నాక పాప వాళ్లమ్మ ఒక పూట అన్నం తినలేదు.

జీతం హైదరాబాదులో నెలకు ఏడు వేలు ఎక్కువ. ఏసీ గది, కంపెనీ బస్సు, మన మాట. చెన్నైలో తక్కువ జీతం, ఎండ, ఎత్తు. నోటుపుస్తకంలో నడిమధ్య గీత గీసి రాసుకుంటే హైదరాబాదు పక్కే నిండింది.

అవ్వకైతే పుస్తకం కూడా అక్కర్లేదు. “ఇన్ని తరాలు అరవనాట్లో బతికితిమి. ఒక్కరన్నా మనోళ్ల తావికి పోతారనుకొంటిని. ఆడ బస్సు మీద పేరు కూడా తెలుగులో ఉంటాది కదా” అనింది. ఆ మాట మా గుండెలో గుచ్చుకున్నది. ఎందుకంటే మా పాప ఆ బస్సు మీది పేరు చదవలేదు.

ఇది చెప్పుకోడానికి మాకు సిగ్గే, అయినా చెప్పాల. మేమిద్దరమూ హొసూరు పక్క గవర్నమెంటు బడిలో తెలుగులోనే చదువుకున్నాము. 2006లో తమిళం తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది. ఒకటో తరగతితో మొదలై ఏటా ఒక తరగతి ఎక్కుతూ 2016కు పదో తరగతి చేరింది. తర్వాత కోర్టుల్లో మా మాదిరి వాళ్లకు మినహాయింపులు వచ్చినా, 2008లో బడికి పోయిన పాపకు ఆ లోపలే తమిళం మొదటి బాస అయిపోయింది. తప్పంతా చట్టం మీద తోసేస్తే అబద్ధం అవుతుంది. ఇంగ్లీషు మీడియంలో చేర్చింది మేము. సాయంత్రం కూర్చోబెట్టి అ ఆలు దిద్దించకుండా ఉండింది మేము. పాప తెలుగు మాట్లాడుతుంది, తెలుగులో పోట్లాడుతుంది, కలలు కూడా తెలుగులోనే కంటుందంట. రాయను, చదవను రాదు.

హైదరాబాదు ఇంటర్వ్యూ ఫోనులో జరిగినప్పుడు ఇంకొకటి జరిగింది. ఇంగ్లీషులో మాటలన్నీ అయినాక అవతలాయన ప్రేమగానే తెలుగులోకి దిగినాడు. పాప “నేను హొసూరులో ఉండాను సార్, మా నాయన అంగడి పెట్టుకొనుండాడు” అనింది. ఆయన నవ్వి, “మీది తమిళమా? తెలుగు బాగానే నేర్చుకున్నారే” అన్నాడు. చెడ్డ మనసుతో అన్నది కాదు. ఫోను పెట్టేసి పాప చానాసేపు పెరట్లో నిలబడింది. ఆ నెలలోనే మా కృష్ణగిరి ఎంపీ లోక్‌సభలో తెలుగులో ప్రమాణం చేసినాడు. టీవీలో అది చూసి మేమంతా చప్పట్లు కొట్టినాము. పాప మాత్రం మెల్లిగా అనింది, “ఢిల్లీలో మనం తెలుగోళ్లం. చెన్నైలో తెలుగోళ్లం. హైదరాబాదులో మాత్రం అరవోళ్లమా?”

ఏడో దినానికి తాత దగ్గర చేరినాము. ఎందుకంటే మా ఇంట్లో ఈ తకరారు మొదటిది కాదు. 1961లో తాతకూ రెండు తావుల్లో పని వచ్చింది, అదీ కరెంటు పనే. ఒకటి కోలారు బంగారు గనుల్లో. మన దేశంలో కరెంటు కథ చెప్పేవాళ్లు కేజీఎఫ్ పేరు లేకుండా చెప్పలేరు. కావేరి మీద శివసముద్రంలో పుట్టిన కరెంటు 1902లో దాదాపు నూటనలభై ఏడు కిలోమీటర్ల తీగ మీద ఆ గనులకు వచ్చింది. బెంగళూరు వీధిదీపాలకు అది అందింది 1905లో. గనుల్లో తాత పెదనాయన ఉండేవాడు. ఆసుపత్రి, క్వార్టర్సు, మంచి జీతం, చుట్టూ చుట్టాలు. రెండోది మద్రాసు కరెంటు బోర్డులో, కృష్ణగిరి పక్క పల్లెల్లో స్తంభాలు నాటే గ్యాంగులో. ఆ పొద్దు హొసూరు అంటే మెట్టపొలాలు, రాగులు, అంతే. ఫ్యాక్టరీలు ఇంకా పదేళ్ల తర్వాతి మాట.

తాత బోర్డులో చేరినాడు. 2001 ఫిబ్రవరిలో గనులు మూతపడినాయి. పెదనాయన కొడుకులు చేతికొచ్చిన డబ్బు తీసుకొని, తెల్లవారుజామున బెంగళూరు రైలెక్కి దొరికిన పనికి పోవడం మొదలుపెట్టినారు. మా ఇంట్లో ఈ కథ తాత ముందుచూపుకు గుర్తుగా వందసార్లు చెప్పుకున్నాము. ఆ దినం కూడా అదే ఎత్తుకున్నాము. తాత చేతిలోని మామిడికాయ పక్కన పెట్టి నవ్వినాడు.

“గని మూస్తారని నాకేం కల వచ్చిందా? మీ అవ్వ పుట్టిల్లు వేపనపల్లి పక్కన. పెళ్లి మాటలు నడస్తా ఉండె. కేజీఎఫ్ పోతే పిల్లను ఇయ్యమన్నారు. అందుకని ఈడుంటిని. నా కథ లెక్కేసుకొని పాపకు చెప్పొద్దండి.”

అరవై ఏండ్ల కథ ఒక్క మాటతో పడిపోయింది. అవ్వ చీర కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. కాసేపైనాక పాప అడిగింది, “పోనీ తాతా, ఇన్నేండ్ల పనిలో నీకు బాగా పనికొచ్చింది ఏమి?”

తాత ఆలోచించి చెప్పినాడు. “మొదటి నాలుగేండ్లు స్తంభాలెక్కింది. ఆపీసులో కాగితం మీద గీత గీసేవాళ్లు శానా తెలివైనోళ్లే. కానీ ఆ తీగ యాడ చింతకొమ్మకు తగులుతాదో, యాడ గట్టు జారి స్తంభం ఒరుగుతాదో ఎక్కినోనికే తెలుస్తాది. వయసులో ఉండంగ ఎక్కితివా, పెద్దయినాక కాగితం నీకు అర్థమవతాది. కాగితంతో మొదలుపెడితే యాబై ఏండ్లకు ఎవడూ ఎక్కలేడు.”

మరుసటి దినం పాప రెండు ఆఫీసులకూ ఫోను చేసి ఒకే మూడు ప్రశ్నలు అడిగింది. మొదటి రెండేండ్లు నాకు పని నేర్పేది ఎవరు? యంత్రం దగ్గర ఎన్ని దినాలు ఉంటాను? మూడేండ్ల తర్వాత నా చేతికి ఏ పని వచ్చి ఉంటుంది? ఉద్యోగం వెతికే పిల్లలున్న ఇండ్లకు ఈ మూడూ చెప్పమని మా సలహా. జీతం, ఇంటి బాడుగ ఎవరైనా అడుగుతారు. ఇవి అడగడానికి మొగమాటం అడ్డమొస్తుంది.

హైదరాబాదు ఆయన నిజాయితీగా చెప్పినాడు. రెండేండ్లు సైటు చూసే అవసరం రాదు, అంతా స్క్రీను మీదే. చెన్నైలో పాపకు పైఅధికారిగా ఉండబోయేది ఒక ఆడ ఇంజనీరు. ఆమె “మొదటి నెల తాడు, బెల్టు, ఎత్తులో భద్రత, అంతే. అది నేర్చుకోకుండా ఎవరినీ ఎక్కనియ్యను” అని తమిళంలో చెప్పింది. పాప వాళ్లమ్మ ఆ మాట స్పీకరులో విని, మొదటిసారి ఊపిరి వదిలింది.

“గాలి పని చేసి అంకెల పనికి రావచ్చు. నేను లెక్కగట్టే గాలి ఎట్లుంటాదో ముందు చూసొస్తా” అని పాప చెన్నైకి సరే అనింది.

అవ్వ రెండు దినాలు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. మాకూ లోపల ఒకటి విరిగింది. ఏమిటని మేమిద్దరమూ రాత్రి కూర్చొని మాట్లాడుకుంటే తేలింది ఇది. మేము హైదరాబాదును కోరుకున్నది ఆ ఉద్యోగం మంచిదని కాదు. పదహైదేండ్లు మేము నేర్పకుండా వదిలేసిన అక్షరాలు ఆ ఊరు నేర్పిస్తుందని. మా పనిని ఊరి నెత్తిన పెట్టి, ఆ బరువుతో పాప బతుకును తూకం వేసినాము. పాప ఏ ఊరు ఎంచుకున్నా ఆ బాకీ మాదే. హైదరాబాదుకు పోయి ఉన్నా, ఏసీ గదిలో ఇంగ్లీషు అంకెల మధ్య అది తీరుతుందని ఎవరు చెప్పగలరు?

జూలైలో పాప పోయింది. కృష్ణగిరికి ఇప్పటికీ రైలు లేదు. హొసూరు నుంచి బస్సు. కృష్ణగిరిలో రోడ్డు చీలుతుంది, ఒకటి వేలూరు మీద చెన్నైకి, ఇంకొకటి సేలం, మదురై, తిరునల్వేలి మీద కన్యాకుమారికి. వెనక్కు తిరిగి అదే రోడ్డు పట్టుకుంటే బెంగళూరు దాటి హైదరాబాదు. మా ఇంటి ముందు నుంచి పోయే 44వ నెంబరు రోడ్డు అది. ఇన్నేండ్లు దాన్ని చూస్తూ, లారీల రొద తప్ప ఇంకేమీ అనుకోలేదు మేము.

ఇప్పుడు ఆదివారం రాత్రి ఎనిమిదింటికి ఫోను. మా పాత రెండో తరగతి వాచకం అట్ట ఊడిపోయినది దొరికింది. వారానికి ఒక పేజీ ఫోటో తీసి పంపుతాము. పాప కాగితం మీద రాసి తిరిగి పంపుతుంది. కొన్ని వారాలు పని ఒత్తిడిలో ఎగ్గొడుతుంది, మేమూ ఎగ్గొడతాము. మొదటిసారి తిరునల్వేలి సైటు నుంచి తానుగా ఒక మాట రాసి పంపింది. “గాళి”. అవ్వకు చదివి వినిపిస్తే, “అది కన్నడమోళ్ల మాట కదా, మనది గాలి” అనింది. పాప ఫోనులో గట్టిగా నవ్వింది. వెనక నిజంగానే గాలి రొద, సగం మాటలు వినపడలేదు.

అవ్వ ఫోను దగ్గరికి వంగి అరిచింది, “అంత ఎత్తు ఎక్కేటప్పుడు బెల్టు పెట్టుకొనుండావా?”

“పెట్టుకొనుండాను అవ్వా.”

ఆ “ఉండాను” విని నవ్వేవాళ్లు ఆ ఎత్తులో ఎవరూ లేరు.