కాలబార్ నదిగట్టు తీగ

నైజీరియా ఆగ్నేయ మూల, కామెరూన్ సరిహద్దుకు దగ్గరగా కాలబార్ అనే రేవు పట్టణం ఉంది. ఒక పక్క కాలబార్ నది, మరో పక్క గ్రేట్ క్వా నది. కోరంగి మడ అడవులు చూసినవారికి ఆ బురదగట్లూ ఆ ఉక్కా కొత్తగా తోచవు. మేము వైద్యవిద్యార్థులుగా బట్టీపట్టిన ఒక మందుకు పుట్టిల్లు ఈ ప్రాంతపు నదిగట్లే.

మొక్క చిక్కుడు కుటుంబానిదే. మొదలు కర్రలా గట్టిపడి, పక్క చెట్లను అల్లుకుంటూ 50 అడుగుల దాకా ఎగబాకుతుంది. చిక్కుడుకు లాగే రెమ్మకు మూడేసి ఆకులు. ఊదా రంగు పూలు గుత్తులుగా వేలాడతాయి. కాయ సుమారు 6 అంగుళాలు. అందులో రెండు మూడు గింజలు. గింజ అంగుళం పొడవు, ముదురు చాక్లెట్ రంగు, మూత్రపిండం ఆకారం. వంపు వెంబడి పొడుగునా ఒక నల్లని గాడి ఉంటుంది. అదే గుర్తు. 1861లో ఎడింబరో ఆచార్యుడు బాల్ఫర్ దీనికి ఫైసోస్టిగ్మా వెనెనోసమ్ అని పేరు పెట్టాడు. ‘ఉబ్బిన కీలాగ్రం గల విషపు మొక్క’ అని అర్థం.

అక్కడి ఎఫిక్ ప్రజలు గింజను ‘ఎసెరె’ అంటారు. పూర్వం నేరం మోపబడినవారి చేత గింజలు నూరి నీళ్ళలో కలిపి తాగించేవారు. కక్కుకుంటే నిర్దోషి, ప్రాణం పోతే దోషి. సాక్ష్యం లేదు, వాదన లేదు. వాంతి రాని పాపానికి ఎందరు నిర్దోషులు పోయారో!

1855లో ఎడింబరోలో క్రిస్టిసన్ అనే వైద్యుడు గింజ ముక్క తానే తిని చూశాడు. నీరసం ముంచుకురాగానే గడ్డం గీసుకున్న సబ్బునీళ్ళు తాగి, కక్కుకుని బతికాడు. ఆ ఊళ్ళోనే 1863లో ఆర్గైల్ రాబర్ట్‌సన్ ఈ సారం కంటిపాపను కుదిస్తుందని చూపాడు. నరాల కొసన పుట్టే ఎసిటైల్‌కొలీన్‌ను విరగ్గొట్టే ఎంజైమును ఇది అడ్డగిస్తుంది. మోతాదు మించితే చొంగ, కన్నీరు కారి, గుండె మందగించి, ఊపిరి ఆడించే కండరాలు ఆగిపోతాయి. కొలతలో ఇస్తే అదే మందు.

మన ఉమ్మెత్తకు ఇది సరిగ్గా ఎదురు గుణం. ఉమ్మెత్త గింజలు తిన్న పిల్లల కంటిపాపలు విచ్చుకుపోయి, నోరెండి, సంధి మాటలు మాట్లాడతారని మనవారికి తెలిసిందే. ఆ గింజల్లోని ఎట్రోపిన్ విషానికి విరుగుడుగా 1864లోనే ప్రాగ్ నగరంలో కాలబార్ సారాన్ని వాడారు. తరువాత నీటికాసుల జబ్బుకు కంటిచుక్కలయింది. 1934లో గ్రీనిచ్‌లో మేరీ వాకర్ అనే డాక్టరు, కండరాలు నీరసించే మయస్థీనియా రోగికి ఇచ్చి, వాలిన రెప్పలు లేవడం చూసింది. ఆపరేషన్ చివర ఇచ్చే నియోస్టిగ్మిన్, మతిమరుపు జబ్బుకిచ్చే రివాస్టిగ్మిన్ ఈ వంశంలోవే.

వైద్యగ్రంథాల్లో ఆచార్యుల పేర్లన్నీ ఉంటాయి. గింజ గుణం మొదట ఎరిగినవారూ, దాన్ని తాగి పోయినవారూ ఎఫిక్ ప్రజలు. వారి పేర్లు ఎక్కడా లేవు. 1865లో ఫ్రాన్సులో వే, లెవెన్ అనేవారు గింజనుంచి తీసిన పదార్థానికి ‘ఎసెరిన్’ అని పేరు పెట్టారు. ఆ ఒక్క మాటలో మాత్రం ‘ఎసెరె’ మిగిలింది. ఈసారి ఆ పేరు కనబడితే మన పిల్లలకు కాలబార్ సంగతి చెబుదాం.