ఋతువుకొక పరిమళం

వేసవిలో పలుచని పంచె, చలికాలంలో శాలువ, వానకాలంలో గొడుగు. ఋతువును బట్టి వేషం మార్చుకోవటం మగవానికి ఒకరు నేర్పనక్కరలేదు. ఎండలు ముదిరితే మజ్జిగ, మంచు పడితే మిరియాల చారు అడిగి పోయించుకుంటాడు. పరిమళం దగ్గరకు వచ్చేసరికి మాత్రం అతని వివేకం కాస్త మందగిస్తుంది. బంధువెవరో విదేశం నుంచి తెచ్చిపెట్టిన సీసా ఒకటి అద్దం ముందు ఉంటుంది. రోహిణి కార్తెలోనూ అదే, పుష్యమాసంలోనూ అదే. ఆ సీసా అడుగంటేవరకు అతనికి సంవత్సరమంతా ఒకటే ఋతువు.

దీనివల్ల ఇబ్బంది పడేది అతను కాదు. ఎంతటి గాఢమైన వాసనకైనా పూసుకున్నవాని ముక్కు కొద్ది నిమిషాలలోనే అలవాటుపడి, దానిని గుర్తించటం మానుకుంటుంది. జ్యేష్ఠమాసపు మధ్యాహ్నం కిక్కిరిసిన బస్సులోకి అతను ఎక్కినప్పుడు, తాను ఎంత పూసుకున్నదీ తెలియనివాడు అతనొక్కడే. తక్కినవారందరికీ తెలుస్తుంది.

పరిమళానికీ ఋతువుకూ ఉన్న సంబంధం కవుల కల్పన కాదు. వాసన అంటే ద్రవ్యంలోంచి ఆవిరై గాలిలోకి లేచిన భాగమే. నిమ్మ, నారింజ తొక్కల వాసన తేలిక. నిమిషాలలో లేచి వెళ్ళిపోతుంది. పూల వాసన కొన్ని గంటలు ఉంటుంది. మంచిగంధం, సాంబ్రాణి, కస్తూరి వంటివి బరువైనవి; మరునాటివరకు బట్టను విడవవు. ఎండ ఈ ఆవిరిని తొందరపెడుతుంది. సాయంత్రందాకా నెమ్మదిగా రావలసిన బరువైన వాసనలన్నీ ఒక్కసారిగా పైకి లేచి ఊపిరాడనివ్వవు. చలి దీనికి విరుద్ధం. లేచే ఆవిరే తక్కువ. చల్లని పొడిగాలిలో ముక్కు చురుకుదనమూ తగ్గుతుంది. వేసవిలో హాయిగొలిపిన నిమ్మ పరిమళం డిసెంబరు ఉదయాన ఉన్నదో లేదో తెలియకుండా పోవటానికి కారణం ఇదే. వానకాలపు తేమ మూడవ రకం. తడిగాలిలో ప్రతి వాసనా కొంత హెచ్చుగా తోస్తుంది. ఆరని బట్టల ముక్కవాసనతో కలిస్తే తీయని పరిమళం కూడా వెగటవుతుంది.

ఈ సూత్రాలు పుస్తకాలకెక్కక ముందే అనుభవం వాటిని పట్టుకుంది. వాగ్భటుని ‘అష్టాంగ హృదయం’లో ఋతుచర్యకు ఒక అధ్యాయమే ఉంది. తిండి, నిద్ర, స్నానాలతోపాటు ఏ ఋతువులో ఏది పూసుకోవాలో కూడా అందులో చెప్పబడింది. హేమంతంలో కుంకుమపువ్వు, కస్తూరి పూత, అగరు ధూపం. గ్రీష్మంలో చందనం. వర్షఋతువులో ధూపం పట్టిన వస్త్రాలు. శరత్తులో చందనం, వట్టివేరు, కర్పూరం. చలికి వెచ్చనివి, వేడికి చల్లనివి, తడికి పొగ. వైద్యుడు దీనిని విలాసంగా భావించలేదు. ఆరోగ్య నియమాలలో ఒకటిగానే లెక్కించాడు. ఆరవ శతాబ్దికి చెందిన వరాహమిహిరుడు ‘బృహత్సంహిత’లో గంధయుక్తికి ఒక అధ్యాయం కేటాయించి, 16 ద్రవ్యాలనుంచి నాలుగేసి చొప్పున ఎన్నుకుంటే 1820 కూర్పులు వస్తాయని లెక్కగట్టాడు.

తెలుగు నేలకు ఈ విద్య కొత్తది కాదు. 14వ శతాబ్ది చివరలో కొండవీటినేలిన కుమారగిరిరెడ్డికి ‘కర్పూర వసంతరాయలు’ అనే బిరుదు వచ్చింది వసంతోత్సవాలలో వెదజల్లిన కర్పూరం వల్లనే. ఆ సుగంధ ద్రవ్యాలను ఓడలమీద తెప్పించి సమకూర్చిన వర్తకుడు అవచి తిప్పయ్యశెట్టి. శ్రీనాథ మహాకవి తన ‘హరవిలాసం’ కావ్యాన్ని అంకితమిచ్చింది రాజుకు కాదు, ఆ వర్తకునికే. ఋతువుకు తగిన పరిమళాన్ని సమయానికి అందించగలవాని గౌరవం ఆనాడు అంతటిది.

ఆ సంప్రదాయం నేటికీ పూర్తిగా చెరిగిపోని ఊరు ఒకటి ఉత్తరప్రదేశ్‌లో ఉంది. ఏడవ శతాబ్దిలో హర్షవర్ధనుని రాజధాని అయిన కన్నౌజ్ అది. అక్కడ రాగి డేగిసాలలో పూలు, నీరు పోసి, మూతిని మట్టితో బిగించి, కింద కట్టెలతోనో పిడకలతోనో మంట పెడతారు. ఆవిరి వెదురు గొట్టం గుండా ప్రయాణించి, నీటి తొట్టెలో కూర్చోబెట్టిన మరో రాగి పాత్రలోకి దిగుతుంది. ఆ పాత్రలో ముందుగానే మంచిగంధపు నూనె ఉంటుంది. పూవు తన వాసనను చందనానికి అప్పగించి వెళుతుంది. మంట ఎప్పుడు పెంచాలో, ఎప్పుడు తగ్గించాలో చెప్పేది యంత్రం కాదు; పనివాని చెవి, చెయ్యి, ముక్కు.

ఆ ఊరి అత్తర్లకు ఒక పంచాంగం ఉంది. వేసవికి వట్టివేరు, గులాబి, మల్లె. వానకు మట్టి అత్తరు, మొగలి. చలికి హినా, శమామా, అగరు. వేసవిలో వట్టివేళ్ళ తడికలను నీటితో తడిపి కిటికీలకు కట్టుకున్న తెలుగువారికి మొదటిదాని మహిమ చెప్పనక్కరలేదు. మొగలి ప్రధానంగా ఒడిశాలోని గంజాం జిల్లా తీరంనుంచి వస్తుంది. వానలతోనే విరివిగా పూస్తుంది. ఆ జాతిలో మగచెట్టు పూవుకే పరిమళం. శమామా ఒక పూవు కాదు. జటామాంసి, లవంగం, జాజికాయ, ఏలకులు మొదలుగా పదుల సంఖ్యలో మూలికలను, సుగంధ ద్రవ్యాలను రోజుల తరబడి వండి దించిన సారం. మంచు కురిసే రాత్రి ఒక చుక్క మణికట్టుమీద ఉంటే శాలువ మరికాస్త వెచ్చగా తోస్తుంది.

అన్నిటిలోకి వింతైనది మట్టి అత్తరు. తొలకరికి ముందు ఎండిన మట్టిని బిళ్ళలుగా చేసి కాల్చి, డేగిసాలో వేసి, దాని ఆవిరిని చందనంలోకి దించుతారు. సీసా మూత తీస్తే మృగశిర కార్తెలో మొదటి చినుకు పడిన నేల. 1964లో ఇసబెల్ జాయ్ బేర్, రిచర్డ్ థామస్ అనే ఇద్దరు ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు ఆ వాసనకు ‘పెట్రికోర్’ అని పేరు పెట్టినప్పుడు, ఈ దేశపు అత్తరుపనివారు దానిని ముందే సీసాలో పట్టారన్న విషయాన్ని తమ వ్యాసంలో ప్రస్తావించారు. మట్టిలోని సూక్ష్మజీవులు తయారుచేసే జియోస్మిన్ అనే పదార్థం ఆ వాసనలో ముఖ్యభాగం. లక్ష కోట్ల భాగాలలో కొద్ది భాగాలున్నా మనిషి ముక్కు దానిని పసిగట్టగలదు.

ఈ పంచాంగాన్ని జీవితంలో భాగం చేసుకున్నవారిలో గుంటూరు వాస్తవ్యుడైన ఒక విశ్రాంత రైల్వే ఉద్యోగి ఉన్నాడు. ఉద్యోగరీత్యా కాన్పూరులో పన్నెండేళ్ళు గడిపిన కాలంలో ఆయన సెలవురోజుల్లో కన్నౌజ్ వెళ్ళేవాడు. అక్కడి ముసలి అత్తరు వ్యాపారి ఆయనను మొదట అడిగిన ప్రశ్న ధర గురించి కాదు. “ఎప్పుడు పూసుకుంటారు బాబూజీ? ఎండలోనా, వానలోనా?” పదవీ విరమణ చేసి గుంటూరుకు తిరిగివచ్చేటప్పుడు ఆయన పెట్టెలో నాలుగు చిన్న సీసాలున్నాయి. ఉగాది దాటితే వట్టివేరు, తొలకరికి మట్టి, శ్రావణంలో మొగలి, కార్తీకం వెళ్ళగానే హినా. ఇంటిల్లిపాదికీ ఆయన వాసనే క్యాలెండరు.

2021 మే నెలలో ఊరంతటితోపాటు ఆయననూ కరోనా జ్వరం పట్టుకుంది. జ్వరం పదిరోజులలో తగ్గింది. వాసన తిరిగి రాలేదు. వట్టివేరు సీసా ముక్కు దగ్గర పెట్టుకుంటే నీళ్ళసీసాలా ఉంది. తెలియటం లేదు కదా అని మరో చుక్క, ఇంకో చుక్క. వారంపాటు చూసి చివరకు భార్య అన్నది: “ఏవండీ, మీరు స్నానం చేశారన్న సంగతి సందు చివర పాలవాడికి కూడా తెలిసిపోతోంది.” ఆ మాటకు ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ రాత్రి ఆయనకు చాలాసేపు నిద్రపట్టలేదు. వాసన పోవటమంటే అత్తరు పోవటమొక్కటే కాదు. తిరగమోత లేదు, కాఫీ లేదు, మనుమరాలి తల వాసన లేదు. గ్యాసు కారితే తెలియదు, అన్నం మాడితే తెలియదు.

మరునాటినుంచి సీసాలు ఆమె చేతికి వెళ్ళాయి. రోజూ స్నానమైన తరువాత ఆమె ఒక్క చుక్క ఆయన మణికట్టుకు అద్దుతుంది. ఆ ఏడు మార్గశిరంలో ఒక ఉదయం ఆయన అడిగాడు: “ఏది పెట్టావు?” “చలి పడింది కదండీ, హినా పెట్టాను” అన్నదామె. తన ఒంటిమీద ఋతువు మారిన సంగతి ఆయనకు ఇంకొకరు చెప్పవలసి వచ్చింది.

వైద్యుడు ఒక సాధన చెప్పాడు. గులాబి, నిమ్మ, లవంగం, నీలగిరి తైలం — ఈ నాలుగింటినీ రోజుకు రెండుసార్లు, ఒక్కొక్కదాన్ని కొద్దిసేపు, శ్రద్ధగా వాసన చూడటం. దెబ్బతిన్న ఘ్రాణశక్తికి జర్మనీలో థామస్ హమ్మెల్ బృందం 2009లో ప్రకటించిన పద్ధతి ఇది. ఎందరికో ఉపకరించింది, అందరికీ కాదు. ఆయన నెలల తరబడి విడవకుండా చేశాడు. ముందుగా లవంగం వచ్చింది, దూరంగా, గోడవతలనుంచి పిలిచినట్లు. ఆ తరువాత గులాబి, కాని కాలిన కాగితంలా. ఏడాది గడిచాక గులాబి గులాబి అయింది, కాఫీ సగం వచ్చింది. మట్టి అత్తరు మాత్రం ఇంతవరకు రాలేదు. అయినా తొలకరి పడిన రోజున ఆయన మణికట్టు చాపుతాడు. ఆ వాసన భార్యకు ఇష్టం.

పరిమళం ఎవరికోసం అన్న ప్రశ్నకు ఇంతకంటె సూటియైన సమాధానం దొరకదు. అది పూసుకున్నవాని సొత్తు కాదు, పక్కనున్నవారికి అతడిచ్చేది. కనుక ఎన్నిక కూడా వారిని దృష్టిలో ఉంచుకుని జరగాలి. వేసవిలో, అందునా కచేరీకి, ప్రయాణానికి నిమ్మ, వట్టివేరు వంటి చల్లదనం గొలిపే వాసనలు చాలు. జర్మనీలోని కొలోన్ నగరంలో 18వ శతాబ్ది ఆరంభంలో యోహాన్ మరియా ఫరీనా నారింజజాతి తైలాలతో కూర్చిన పరిమళం ఈ తరగతిదే. దాని సంతతి అయిన ఓడికొలోన్‌ను తెలుగు ఇళ్ళలో జ్వరమొచ్చినవాని నుదుటిమీద తడిగుడ్డతో వేసేవారు. వానకాలంలో తీపి తగ్గించి, మట్టి, వేరు, ఆకు వాసనలవైపు మొగ్గటం మంచిది. గంధం, అగరు, సుగంధ ద్రవ్యాల వెచ్చని కూర్పులకు చలికాలపు సాయంత్రాలున్నాయి. మూడు చిన్న సీసాలతో ఏడాది గడుస్తుంది.

కొనేటప్పుడు తొందర పనికిరాదు. మూత తీయగానే తోచేది ఆ పరిమళపు మొదటి పలకరింపు మాత్రమే. మణికట్టుకు ఒక చుక్క అద్దుకుని, అరగంట బజారులో తిరిగి వచ్చి, అప్పుడు తేల్చుకోవాలి. ఒకపూట రెండు మూడింటికి మించి చూస్తే ముక్కు అలసిపోతుంది. నూనెతో చేసిన అత్తరు చర్మానికి దగ్గరగా, నెమ్మదిగా ఉంటుంది. స్పిరిటుతో చేసిన సెంటు త్వరగా లేచి దూరం పోతుంది. ఏదైనా ఎండ తగలని అలమరలో ఉంటేనే నిలుస్తుంది.

ధర విషయంలో భ్రమ ఉండకూడదు. అసలైన మంచిగంధపు నూనె కిలో లక్ష రూపాయలు ఎప్పుడో దాటింది. అందువల్ల బజారులో తక్కువ వెలకు దొరికే అత్తర్లలో చాలావాటికి ఆధారం ఖనిజతైలమో మరో రసాయన ద్రావకమో. కస్తూరి మృగానికి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ కల్పించింది. కస్తూరి పేరుతో నేడు న్యాయంగా అమ్ముడయ్యేది ప్రయోగశాలలో పుట్టినదే. ఇందులో చింతించవలసింది లేదు. 1888లో ఆల్బర్ట్ బౌర్ అనే జర్మన్ రసాయనవేత్త పేలుడు పదార్థాలమీద పరిశోధన చేస్తూ అనుకోకుండా కృత్రిమ కస్తూరిని కనుగొన్నాడు. ఆ తోవలో వచ్చిన పదార్థాలవల్లనే నాభికోసం జింకను చంపవలసిన అవసరం తగ్గింది.

చల్లని యంత్రం తిరిగే గదిలో పనిచేసి, చల్లని బండిలో ఇంటికి చేరే మనిషికి సంవత్సరంలో ఆరు ఋతువులున్నాయని గుర్తుచేసేవి తగ్గిపోతున్నాయి. మామిడి గోదాములో మగ్గుతోంది, కూరగాయలు పన్నెండు నెలలూ దొరుకుతున్నాయి. మణికట్టుమీద పెట్టే ఒక చుక్క ఆ లోటును తీర్చలేదు. కాని మూత తీసేముందు కిటికీలోంచి ఆకాశంవైపు ఒకసారి చూడటం అలవాటైనవాడు కనీసం ఈనాడు ఎండో, వానో, మంచో తెలుసుకుని బయలుదేరుతాడు. పక్కన కూర్చోబోయేవాడి గురించి కూడా ఆ క్షణంలోనే ఆలోచించి, రెండవ చుక్క అవసరం లేదని సీసా మూసివేస్తాడు.