లిస్టులో అమ్మీ పేరు

2018 డిసెంబరు 7, అసెంబ్లీ ఎన్నికల రోజు. పొద్దున్నే అమ్మీని షాలీబండ సందుల్లోంచి మెల్లగా నడిపించుకుంటూ బూత్‌కి తీసుకెళ్లాం. లిస్టులో మా పేర్లున్నాయి. అమ్మీది లేదు. పక్క బూత్‌లోనూ లేదు. ఓటరు కార్డు చేత్తో పట్టుకుని అలాగే నిలబడింది. కార్డుంటే చాలదు, లిస్టులో పేరుండాలని పత్రికలో రాసుకు బతికే మేమే ఆమెకి చెప్పాల్సొచ్చింది.

"హమ్ ఇధర్‌కే నై క్యా రే?" అంది. మేం ఇక్కడోళ్లం కామా అని.

ఆ రోజు గుత్తా జ్వాల పేరు కూడా లిస్టులో లేదు. కాకపోతే ఆమె పేరు పోతే పొరపాటంటారు. మా పేరు పోతే, ముందు కాగితాలు చూపించమంటారు.

బార్కస్‌లో మాకో దోస్తున్నాడు. వాళ్ల ముత్తాత హద్రమౌత్ నుంచి నిజాం ఫౌజులో కొలువుకొచ్చాడు. ఈయనా, ఈయన అబ్బా పుట్టింది ఇక్కడే. "అరబ్బోళ్లకి కూడా ఓటుంటదా?" అని ఇప్పటికీ అడుగుతారట. టోలీచౌకిలో అద్దెకుండి చదువుకునే సూడాన్, యెమెన్ కుర్రాళ్లకి ఓటు లేదు. ఎన్నేళ్లున్నా రాదు. పౌరులు కానివాళ్లని లిస్టులో చేర్చకూడదని 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం చెప్తోంది. దాంతో మాకు పేచీ లేదు. ఆ కుర్రాళ్లనీ మా దోస్తునీ ఒకే గాటన కట్టేవాళ్లతోనే మా పేచీ.

జిద్దాలో ఉన్న మా తమ్ముడిదింకో తమాషా. 2010 సవరణతో ప్రవాసులకీ ఓటు హక్కొచ్చింది, 6ఎ ఫారం నింపితే చాలు. వెయ్యాలంటే మాత్రం స్వయంగా బూత్‌కి రావాలి. ఓటు కోసం విమానం టికెట్టు కొనే స్తోమతుంటే జిద్దాకెందుకు పోతాడు?

బొంబాయి, ఢిల్లీ బస్తీల్లో విదేశీయులన్న అనుమానంతో నోటీసులిచ్చినప్పుడు, 1995లో లాల్ బాబు హుస్సేన్ కేసులో సుప్రీంకోర్టు అడ్డుపడింది. పాత లిస్టులో ఉన్నవాళ్ల పేరు సరైన విచారణ లేకుండా కొట్టెయ్యొద్దంది. అమ్మీ పేరు ఏ విచారణలో పోయిందో మాకెవరూ చెప్పలేదు.

ఆమె కోసం మళ్లీ 6వ ఫారం నింపాం, కొత్తగా పద్దెనిమిదేళ్లు నిండిన పిల్లలా. కింద వేలిముద్ర వెయ్యమన్నాడు గుమాస్తా. అమ్మీకి కోపమొచ్చింది. "దస్తఖత్ ఆతీ మేరేకు" అని పెన్ను లాక్కుని, కుడి నుంచి ఎడమకి ఉర్దూలో సంతకం చేసింది.

2019 ఏప్రిల్ 11న, లోక్‌సభ ఎన్నికలప్పుడు, ఆమె పేరు లిస్టులో కనపడింది. ఖాఫ్‌తో మొదలయ్యే పేరుని 'క' అని అచ్చేశారు. అమ్మీ కళ్లజోడు సర్దుకుని చూసి, "మైచ్ హూఁ" అంటూ వేలు ముందుకి చాచింది.