ఛాయయు, మేనిచాయయు

ఫోటోలో చక్కగా కనబడవలెనను కోరిక తప్పేమియు కాదు. నేతపనివారమగు మాకు ఈ సంగతి వేరొకరు చెప్పనక్కరలేదు. చీర మగ్గము దిగిన పిదప అంచు పైకి కనబడునట్లు మడచియే కదా అంగడిలో నుంచుదుము! మనిషి తన మేలైన అంచును చూపుకొనుటలో దోషమేమి? అయితే అంచు చూపుట వేరు, లేని రంగు చెప్పి అమ్ముట వేరు. షోలాపురములోని మా పద్మశాలి కుటుంబములకు ఈ భేదము పెండ్లి ఫోటోల మూలమున తెలిసివచ్చినది.

మా పెద్దలు పందొమ్మిదవ శతాబ్దమున తెలంగాణమునుండి వచ్చి ఇచ్చట మగ్గములు వేసికొనిరి. బ్రతుకు ఇచ్చట కుదిరినను సంబంధములు మాత్రము కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ వైపుననే వెదకుట వాడుక. అంతదూరము రైలు ఖర్చులు పెట్టుకొనుటకు ముందు ఒక ఫోటో పంపుట సుకరము. అందుచే మా ఇండ్ల ఆడపిల్లలలో చాలమందికి జీవితమున మొదటి ఫోటో పెండ్లిచూపుల ఫోటోయే.

1892లో హైదరాబాదున లాలా దీన్ దయాళ్ ఘోషా స్త్రీలకై వేరుగా చిత్రశాల నెలకొల్పి, అందు ఒక ఆంగ్లవనితచే ఫోటోలు తీయించెను. మా వాడలలో అంతటి వసతి యెక్కడిది? ఉన్న స్టూడియోకే పిల్ల వెంట తల్లియు, మేనత్తయు, ఇరుగుపొరుగు పిల్లలును బారులుగా తరలుదురు. మెడలో గొలుసు ఒకరిది, చేతి గడియారము మరియొకరిది. వెనుక తెరపై పాలరాతి స్తంభములు, కొలను, రెండు హంసలు. నీటికి కటకటలాడు షోలాపురములో ఆ కొలనును చూచి నవ్వనివారు లేరు! ఆ నవ్వు ఫోటోలో పడిన ఎంత బాగుండెడిదో! కాని ఫోటో తీయువాడు నల్లగుడ్డలో తల దూర్చి "కదలవద్దు, ఊపిరి బిగబట్టుము" అనగానే పిల్ల కొయ్యబారెడిది.

దీనికి తోడు ఆనాటి ఫలకలకు ఎరుపు కనబడదు. ఆరంభమున అవి నీలిరంగు వెలుగునే బాగుగా గ్రహించెడివి. ఫలకకు తగిన అద్దకపు రంగు పట్టించినచో ఆకుపచ్చ, పసుపులను గూడ గ్రహించునని 1873లో జర్మను శాస్త్రజ్ఞుడు హెర్మన్ వోగెల్ కనుగొనెను. (అచ్చటను అద్దకమే ఆదుకొన్నది!) ఎరుపును గ్రహించు ఫలకలు 1906లో ఇంగ్లండున అమ్మకమునకు వచ్చెను. అయినను ఎర్రదీపపు వెలుగులో కడుగుకొనుటకు వీలుగా నుండునని చిన్న స్టూడియోలవారు పాతరకమును చాలకాలము విడువలేదు. ఫలితముగా కుంకుమబొట్టు కాటుకబొట్టయ్యెను, ఎర్రచీర నల్లనయ్యెను, లేతనీలి చీర వెలిసిన తెల్లచీరయ్యెను. రంగుల నడుమ పుట్టిపెరిగిన మా ఆడవారు రెండు ఫోటోలు చూచునప్పటికే ఈ కిటుకు గ్రహించి, ఏ చీర కట్టవలెనో తామే నిర్ణయించుకొనెడివారు. చీర మార్చవచ్చును గాని మేనిచాయను మార్చుటెట్లు? చామనచాయలో నీలము తక్కువ, ఎరుపు ఎక్కువ గనుక ఆ ఫలకపై అది మరింత నల్లనై తోచెడిది.

అందుకు స్టూడియోవారి మందు పెన్సిలు. నెగటివుపై సన్నగా గీచినచోట వెలుగు ఆగి, అచ్చులో తెలుపు వచ్చును. మొదట మొటిమలను పోగొట్టుటకు గీచిరి; పిదప మొగమంతయు గీచిరి.

మా మేనత్త 1961లో దిగిన ఫోటో ఇట్టిదే. ఆమెది చామనచాయ, ఎడమచెక్కిలిపై చిన్ననాడు కదురు గీచుకొన్న మచ్చ. అచ్చు వచ్చునప్పటికి మచ్చయు లేదు, చాయయు లేదు. మా బాపమ్మ చూచి, "గిది మా పిల్ల గాదు, సున్నం కొట్టిన గోడ" అనెను. అయినను మగవారు దానినే పంపిరి. వరునివారు వచ్చి పిల్లను చూచిరి, ఫోటోను చూచిరి, మరల పిల్లను చూచిరి. టీ త్రాగి పోయిరి. ఉత్తరము రాలేదు. లోపము పిల్లదనియే అందరును అనిరి. పెన్సిలుదని ఒక్కరును అనలేదు.

అటుపై బాపమ్మ పట్టుబట్టి ఫోటో తీయువానిని ఇంటికే పిలిపించెను. ఉత్తరపు కిటికీప్రక్క, రాట్నము ముందర అత్తను కూర్చుండబెట్టి తీయించి, గీతలు పడకుండ నెగటివును తానే పుచ్చుకొనెను. తీయుచుండగా ఒక కండె జారి దొర్లినది, అత్త నవ్వినది, ఆ నవ్వే పడినది. సంబంధము మరి మూడేండ్లకు గాని కుదరలేదు. కాని ఆ ఫోటో చూచి వచ్చినవారెవ్వరును గడపలో నిలిచి మొగము చిట్లింపలేదు.

తన ఫోటో తనకే నచ్చకపోవుటకు మరియొక కారణము అద్దము. నిత్యము అద్దమున చూచుకొను మొగము కుడియెడమలు తారుమారైనది. ముక్కుపుడక అద్దములో ఒకవైపున, ఫోటోలో వేరొకవైపున కనబడును. ఇంటివారందరును "అచ్చముగా నీవే" అనుచుండ, తానొక్కతె కాదనును. ఈ విషయమున ఇంటివారి మాటయే నమ్మదగినది. ఇక చేయి చాచి తన్ను తాను తీసికొనునపుడు ముక్కు పెరిగి చెవులు తగ్గుట దగ్గరితనము వలన వచ్చిన చిక్కు. నాలుగడుగులు దూరముగా నిలిచి మరియొకరు తీసిన మొగము కుదుటపడును. నడినెత్తి ఎండలో మాత్రము నిలువరాదు. కండ్లక్రింద గుంటలు పడును.

రంగుల ఫిల్ముతో మా చాయకు న్యాయము జరుగుననుకొంటిమి. కాని రంగులు సరిచూచుకొనుటకై కొడాక్ సంస్థవారు ముద్రణశాలలకు పంపిన షర్లీ కార్డులపై చిరకాలము తెల్లజాతి స్త్రీ మొగమే యుండెడిది. ఆ కొలతకు మా మొగములు మసిబారెను. నేటి ఫోనులలో కొన్ని అడుగకయే చర్మమును నునుపుచేసి తెల్లబరచుచున్నవి.

ఇటీవల అత్త మనుమరాలికి పెండ్లి కుదిరినది. పెండ్లికి ముందే ఫోటోలు తీయించుకొను వేడుక మా యిండ్లకును వచ్చినది గదా! తెరమీది కొలనుకు బదులు సిద్ధేశ్వరుని చెరువు గట్టున సాయంకాలపు ఎండలో రెండుగంటలసేపు పిల్లలిద్దరును కబుర్లాడుకొనుచు, పరుగులెత్తుచు దిగిరి. చూచుచున్న మాకే ముచ్చట వేసినది. నాలుగు దినములకు ఫోటోలు తీసినతడు ఒకే బొమ్మను రెండు విధములుగా తెచ్చి చూపెను. ఒకదానిలో పిల్ల పాలవలె తెల్లగా నున్నది. పిల్ల దానిని ప్రక్కకు నెట్టి రెండవదానిని తీసికొన్నది. తెల్లబరచినందుకు వేరే రుసుము లేదని ఆతడు మాటిమాటికి చెప్పుచునే యుండెను.