మిషన్ ఎవరిది, కర్జా ఎవరిది?



హజ్ కోసం మా ఆపా దాచుకున్న పైసలను ఏఐకి కంప్యూటర్లు సమకూర్చే కంపెనీల షేర్లలో పెడదామంటాడు ఆమె కొడుకు. "మామూ, అమ్మీకి నువ్వే నచ్చజెప్పు" అని నాకు ఫోన్ చేశాడు.

మా చిలకలూరిపేటలో పత్తి తెలిసినవాళ్లకు ఈ ధందా అర్థం కావడం కష్టమేమీ కాదు. జిన్నింగ్ మిషన్లు అమ్మేవాడు ఒకడు. కర్జా తెచ్చి ఆ మిషన్లు కొని, ఊళ్లోవాళ్ల పత్తి ఆడించి కూలి తీసుకునే మిల్లువాడు ఇంకొకడు. సొంత పైసలతో మిల్లు పెట్టుకున్న సేఠ్ మూడోవాడు. సీజన్ బాగుంటే ముగ్గురికీ మునాఫా. సీజన్ పోతే మొదటివాడికి ఆర్డర్లు తగ్గుతాయి, సేఠ్ ఓర్చుకుంటాడు. కర్జా మిల్లువాడికి మాత్రం మిషన్ ఆగినా సూద్ ఆగదు.

ఏఐలో మిషన్లు, అంటే చిప్‌లు, అమ్మేది ఎన్విడియా. వాటిని కర్జాతో కొని కిరాయికిచ్చేది అమెరికాలోని కోర్‌వీవ్. 2024లో దాని రాబడి 190 కోట్ల డాలర్లు, నెత్తిన కర్జా దాదాపు 800 కోట్ల డాలర్లు. రాబడిలో 62 శాతం ఒక్క మైక్రోసాఫ్ట్ ఇచ్చిందే. చిప్‌లకు ఆరేళ్ల ఆయుష్షు లెక్కేసుకుంది. ఈలోగా కొత్తవి వస్తే పాతవాటి కిరాయి పడిపోదా? పైగా ఎన్విడియాకు ఇందులో వాటా ఉంది. మిషన్లు అమ్మేవాడే మిల్లులో భాగస్తుడన్నమాట! విశాఖలో 5 ఏళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెడతామని 2025 అక్టోబరులో ప్రకటించిన గూగుల్ సేఠ్ లాంటిది. దానికి ప్రకటనల సంపాదన దండిగా ఉంది.

"యాప్‌లో హలాల్ గుర్తుంటే చాలు కదా మామూ?" అన్నాడు భాంజా.

ఆ గుర్తు వెనక ఉండే లెక్క చూడండి. సూద్ మీద తెచ్చిన కర్జా, కంపెనీ మార్కెట్ విలువలో 30 శాతమో 33 శాతమో దాటకూడదన్నది చాలాచోట్ల షరతు. షేరు ధర రెట్టింపైతే ఆ శాతం సగమైపోతుంది. తీరిన కర్జా మాత్రం ఒక్క పైసా ఉండదు! ధర పడ్డాక అదే కంపెనీ హద్దు దాటుతుంది. అప్పటికి మన పైసలూ పడిపోయి ఉంటాయి. అందుకే కర్జాను షేరు ధరతో పాటు ఏడాది సంపాదనతో కూడా తూచాలి.

భాంజాకు ఒకటే చెప్పాను: "నీ జీతంలోంచి, పోయినా నిద్రపట్టేంత పెట్టుకో. ముందు ఆలిమ్ సాబ్‌ను అడుగు. అమ్మీ పైసల జోలికి పోకు. హజ్‌కు పేరు వచ్చాక గడువులోగా కట్టాలి. షేరు లేచేదాకా ఆ గడువు ఆగదు బేటా."