పదో మనిషి చేరినంక

మేము పత్తికొండ హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుకుంటున్న సుగాలి పిల్లోళ్లం. మా ఇండ్లల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. అందుకే తండాలో ఎవరికి ఏ కాయితం వచ్చినా చదివేకి మా చేతికే ఇస్తారు. పోస్టు కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

మన తండా అన్న ఒకాయన బట్టలు కుట్టే షెడ్డు పెట్టినాడు. నాలుగు మిషన్లతో మొదలుపెట్టి ఇప్పుడు పన్నెండు మందికి పని ఇస్తున్నాడు. అందరూ మనోళ్లే, ఎక్కువమంది ఆడోళ్లు. పంటలు అయిపోతానే గుంటూరు మిరపకాయల కోతకు, బెంగుళూరు బిల్డింగు పనులకు మూట కట్టుకుని పోయే ఊర్లు మనవి. అట్లాంటిచోట ఇంటికాడ ఉండి నెలకు పదివేలు అంటే చిన్న మాట కాదు. ఆయన్ను తప్పుపట్టేకి ఇది రాయడం లేదు.

అక్కడ కుట్టే మా అక్క ఒకామె తొలి కాన్పుకని పని ఆపేసింది. "బిడ్డ పుట్టినంక రా మ్మా, నీ మిషన్ నీకే ఉంటుంది" అన్నాడు అన్న. మంచి మాటే. జీతం మాట మాత్రం రాలేదు. అడగొచ్చని ఆమెకు తెలీదు, ఇవ్వాలని ఆయనకు తెలీదు.

కనీస వేతనం మొదటి మనిషి నుంచే ఇవ్వాలి. ఆ తర్వాత చట్టం తలకాయలు లెక్కపెడుతుంది. పదో మనిషి చేరితే ప్రసూతి సెలవు, ఈఎస్ఐ, గ్రాట్యుటీ వస్తాయి. ఇరవై మంది అయితే పీఎఫ్. 2025 నవంబరు 21న నాలుగు లేబర్ కోడ్లు అమల్లోకి వచ్చినా ఈ అంకెలు అట్లే ఉన్నాయి. పనిచేసే ప్రతి ఒక్కరికీ నియామక పత్రం ఇవ్వాలనేది ఆ కోడ్లలో ఉంది. మన షెడ్డులో నియామక పత్రం అంటే "రేపట్నుంచి రా" అని ఫోను చేయడమే.

ఈ సంగతి చెప్తే అన్న, "అట్లయితే తొమ్మిది మందితోనే ఆపుకుంటా" అన్నాడు. ముగ్గురి పని పోతుందని మాకు భయమైంది. నోటుబుక్కు తీసి ఆయన ముందరే లెక్క వేసినాం. ఈఎస్ఐకి ఓనరు వాటా జీతంలో 3.25 శాతం, పనిచేసేవాళ్లది 0.75 శాతం. పన్నెండు మందికి నెల జీతాలు 1,20,000. ఓనరు కట్టేది 3,900. ఏడాదికి 46,800.

ఈఎస్ఐ లేకపోతే? ఏడాదిలో 80 రోజులు పనిచేసిన ఆమెకు తొలి రెండు కాన్పులకు 26 వారాల జీతం ఓనరే ఇవ్వాలి. అంటే ఒక్క కాన్పుకే దాదాపు 60,000. ఈఎస్ఐలో ముందునుంచే కట్టుంటే ఆ డబ్బు ఈఎస్ఐ వాళ్లే ఇస్తారు. వేలికి సూది దిగినా, పిల్లోళ్లకు జ్వరమొచ్చినా వైద్యం అందులోనే. అన్న ఆ 60,000 చుట్టూ పెన్నుతో రెండుసార్లు సున్నా చుట్టినాడు.

ఇది ఆయనకు ఇంతవరకు ఎవరూ ఎందుకు చెప్పలేదు? 2025 దాకా నడిచిన స్టాండప్ ఇండియాలో ఎస్సీ, ఎస్టీలకు పది లక్షల నుంచి కోటి దాకా లోను ఉందని అందరూ చెప్పేవాళ్లు. ఆడిటరు జీఎస్టీ చూస్తాడు. పనోళ్ల చట్టం చెప్పేవాళ్లు పెద్ద ఊర్లలో, పెద్ద కంపెనీలకు ఉంటారు. 2016లో మొదలైన స్టార్టప్ ఇండియాలో గుర్తింపు పొందిన కంపెనీలయితే కొన్ని కార్మిక చట్టాలకు తామే సర్టిఫై చేసుకోవచ్చు, ఫిర్యాదు లేకుంటే కొన్నేళ్లు తనిఖీలు కూడా ఉండవు. పత్తికొండ కుట్టు షెడ్డుకు ఆ సంగతి చెప్పే దిక్కు కూడా లేదు.

ఇప్పుడు ఈఎస్ఐ రిజిస్ట్రేషన్‌కు అన్న ఒప్పుకున్నాడు. ఆన్‌లైన్‌లో ఫీజు లేకుండానే అవుతుంది. ఆధార్ జిరాక్సులు, హాజరు పుస్తకం మా గదిలోనే ఉన్నాయి. అక్కకు మాత్రం అది పనికిరాదు, ముందునుంచే కట్టలేదు కాబట్టి. ఆమెకు రెండు నెలల జీతం చేతిలో పెట్టినాడు, "సాయంగా ఉంచుకో" అని. అది సాయం కాదు, ఆమెకు రావాల్సిందే. మిగిలింది అడగాలని మాలో సగంమంది, అడిగితే షెడ్డు మూస్తాడని సగంమంది. మేము ఇది రాసేవాళ్లం అడగాలనే వైపే ఉన్నాం. కావాలంటే నెలకు కొంత చొప్పున ఇవ్వమందాం.

లా చదివే అన్నలు, అక్కలు ఎవరన్నా ఉంటే ఆ వాయిదాల ఒప్పందం తెలుగులో ఎట్లా రాయాలో చెప్పండి. ఆదివారం అన్న తండాకు వస్తాడు.